పాత జీపుకు వేరే కంపెనీ ఇంజిన్ వేయించవచ్చా? ముందుగా చూసుకోవలసిన కాగితాలు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. వ్యవసాయంతో పాటు బోరు మోటార్ల రిపేరు పని చేస్తాను. వానాకాలంలో చేలలోకి పోవడానికి వీలుగా ఉంటుందని 2004లో రిజిస్టర్ అయిన, ఏపీ 36 నంబరు గల ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ జీపును 2022లో మహబూబాబాద్ జిల్లాలోని ఒక రైతు దగ్గర బాండు పేపరు మీద రాసుకొని కొన్నాను. ఆర్సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నది. దాని గడువు 2024లో అయిపోయింది. జీపును బాగు చేయించి రోజూ పనికి వాడుకుందామని వరంగల్‌లో ఒక షెడ్డులో ఇచ్చి 60,000 రూపాయలు అడ్వాన్సు కట్టాను. మెకానిక్ పాత ఇంజిన్ తీసి వేరే కంపెనీ టర్బో ఇంజిన్ వేస్తానని, పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు, మిలిటరీ రంగు కూడా చేయిస్తానని అన్నాడు. నెలలు గడిచినా పని కాలేదు. ఇంకా డబ్బు ఇస్తేనే బండి ఇస్తానంటున్నాడు. నేనేమి చేయాలి?

జవాబు: మీరు మెకానిక్ గురించి చివరన అడిగారు గాని, మీ ప్రశ్నలో అన్నింటికన్నా ముందు సరిచేసుకోవలసినది ఆర్సీ. ఇంజిన్ మీద ఇంకొక్క రూపాయి పెట్టకముందే ఆ పని చూసుకోండి.

బాండు పేపరు మీకు, అమ్మిన రైతుకు మధ్య జరిగిన బేరానికి సాక్ష్యంగా పనికివస్తుందే తప్ప, రవాణా శాఖ రికార్డులో యజమానిని మార్చదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో ఆ సంగతిని రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు ఉన్నాయి. ఆ గడువులు దాటినంత మాత్రాన దారి మూసుకుపోదు, ఆలస్యానికి రుసుము కట్టవలసి వస్తుంది. అమ్మిన రైతు సంతకాలకు వెనుకాడితే ఆయనకు ఒక సంగతి వివరించండి. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాద నష్టపరిహారం కేసులో యజమానిగా వారే బాధ్యులు. రేపు మీ జీపు నెక్కొండ రోడ్డు మీద ఎవరినైనా గుద్దితే నోటీసు వెళ్ళేది మహబూబాబాద్‌లోని ఆ రైతు ఇంటికే. మీ పేరు మీదికి మార్చడం మీకంటే ఆయనకే ఎక్కువ అవసరం.

గడువు తీరిన ఆర్సీతో బండిని రోడ్డు మీదికి తీయడమంటే రిజిస్ట్రేషన్ లేని బండిని నడపడమే. సొంత వాడకపు బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆ తరువాత ఐదేళ్ళకొకసారి 25వ నంబరు ఫారంతో పునరుద్ధరించుకోవాలి. మీ జీపుకు 2019లో ఒకసారి ఆ పని జరిగి ఉంటుంది, 2024లో మళ్ళీ జరగవలసినది ఆగిపోయింది. తేలికపాటి నాలుగు చక్రాల బండికి ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. ఇరవై ఏళ్ళు దాటిన బండ్లకు 2025లో దానిని 10,000 చేశారు. ఆలస్యానికి నెలకు 500 రూపాయల అదనపు రుసుము, రాష్ట్రం వేసే గ్రీన్ టాక్స్ వేరు. పునరుద్ధరణకు ముందు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని కళ్ళతో చూసి, చాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును ఆర్సీతో సరిపోల్చి, బ్రేకులు, లైట్లు, పొగ పరీక్షిస్తారు. మీరు వేరే ఇంజిన్ వేయించి తీసుకువెళితే బండి అక్కడే ఆగిపోతుంది. ఢిల్లీలో పాత డీజిల్ బండ్లను తీసివేస్తున్నారు గదా అని చాలామంది భయపడుతున్నారు. వయసును బట్టి పెట్టిన ఆ నిషేధం రాజధాని ప్రాంతానికి మాత్రమే సంబంధించినది. ఇక్కడ ఫిట్‌గా ఉన్న సొంత బండికి పునరుద్ధరణ దొరుకుతుంది. ఏపీ 36 నంబరు మార్చుకోవలసిన అవసరం కూడా లేదు.

ఇక మార్పుల సంగతి. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నంగా మారే విధంగా ఏ యజమానీ బండిని మార్చకూడదు. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక స్వరూపం మారితే అది "మార్పు" అని ఆ సెక్షన్ కింది వివరణ చెబుతున్నది. కాబట్టి క్లచ్ ప్లేట్లు, గేర్ బాక్సు, ముందు ఇరుసు గేర్లు, లీఫ్ స్ప్రింగులు, బ్రేకులు, రేడియేటర్, వైరింగ్, తుప్పు పట్టిన ఫ్లోర్ రేకు అదే కొలతలతో కొత్తవి వేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అది మరమ్మతు. నిజానికి మీ జీపు పొద్దున్నే స్టార్టై బురదలో దిగబడకుండా పోవడానికి కావలసినదంతా ఇందులోనే ఉన్నదని నా నమ్మకం.

వేరే కంపెనీ టర్బో ఇంజిన్ ఆ గీత దాటుతుంది. రీజనల్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్ వర్సెస్ కె. జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీలు లేదని, రాష్ట్రం చేసుకున్న నిబంధన కేంద్ర చట్టాన్ని దాటిపోలేదని స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి చేర్చిన 182ఎ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మీ పాత ఇంజిన్ నిజంగా పనికిరాకుండా పోతే, అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌ను రిజిస్టరింగ్ అధికారి అనుమతితో వేయించుకొని, కొత్త ఇంజిన్ నంబరును ఆర్సీలో ఎక్కించుకోండి. స్క్రాపులో కొనే ఇంజిన్‌కు బిల్లు, అది ఏ బండిలోదో చూపే ఆర్సీ నకలు తప్పక తీసుకోండి. దొంగ బండి ఇంజిన్ అని తేలితే, అది దొంగసొత్తని తెలిసి గాని, తెలుసుకోవడానికి తగిన కారణం ఉండి గాని కొన్నవారి మీద భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ వర్తిస్తుంది. బిల్లు లేకుండా, మార్కెట్ ధరలో సగానికే ఇంజిన్ కొన్నవాడు "నాకు తెలియదు" అంటే పోలీసులు గాని, కోర్టు గాని తేలికగా నమ్మరు.

మిలిటరీ రంగు వద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు మాత్రమే. వేరే ఏ రంగైనా వేయించుకోవచ్చు గాని ఆర్సీలో నమోదు చేయించాలి. ముందు ఇనుప గార్డుల మీద 52వ సెక్షన్ కింద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. చాసిస్‌కు వెల్డింగ్ చేసిన గార్డు ఎదుటి మనిషికి తగిలితే గాయం లోతుగా ఉంటుంది, ఆ నష్టపరిహారం కేసులో మీకు అనుకూలంగా వాదించడానికి ఏ వకీలు దగ్గరా మాట ఉండదు. టైర్లు మీ మోడల్‌కు కంపెనీ చెప్పిన సైజులోనే, బురదకు తగిన మడ్ టైర్లు వేయించుకోండి. పని సులువు కావాలంటే సైజు కన్నా గుండీలు (టైరు మీద పట్టు కోసం ఉండే దిమ్మెలు) చూడండి.

మీరు అడగకపోయినా బీమా గురించి చెప్పక తప్పదు. సొంత కారు పాలసీలో వాడకానికి హద్దు రాసి ఉంటుంది. కిరాయికి తిప్పడానికి, శాంపిళ్ళు, సొంత సామాను తప్ప ఇతర సరుకు మోయడానికి అది వర్తించదు. మీరు జీపులో సబ్‌మెర్సిబుల్ మోటారు, పైపులు, చైన్ పుల్లీ వేసుకొని పోతున్నట్టు బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలిపి, వారి జవాబు దగ్గర ఉంచుకోండి. ఇతరుల సరుకుకు కిరాయి తీసుకోవడం, మిర్చి ఏరే కూలీలను మనిషికింత అని తీసుకొని చేలకు దింపడం మాత్రం తెల్ల నంబరు ప్లేటుతో చేయవద్దు. అది పర్మిట్ లేని రవాణా, మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, జైలు కూడా ఉన్నాయి. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ బండిలో కూర్చున్నవారికి వర్తించదని తెలిసి కూడా కూలీలను నింపుకొని పోవడం నాకు అన్నింటికన్నా బాధ కలిగించే సంగతి. రిజిస్ట్రేషన్ లేని బండికి సొంత నష్టం క్లెయిమ్ కూడా రాదని నరీందర్ సింగ్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మెకానిక్ విషయానికి వస్తే, చేసిన పనికి తగిన కూలి వచ్చేదాకా బండిని ఆపుకునే హక్కు భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షన్ అతనికి ఇస్తుంది. అది ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసినప్పుడే. పని మొదలుపెట్టకుండా, మీరిచ్చిన 60,000 దగ్గర ఉంచుకొని, ఇంకా కావాలని బండిని పట్టి ఉంచడానికి ఆ సెక్షన్ ఆసరా కాదు. ముందుగా షెడ్డుకు పోయి బండి ఎలా ఉన్నదో, ఇంజిన్ విప్పి ఉంటే భాగాలు ఎక్కడ ఉన్నాయో, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు కనబడేలా తేదీతో ఫోటోలు తీయండి. తరువాత, టర్బో ఇంజిన్ వద్దని, ఇప్పటివరకు చేసిన పనికి, వేసిన సామానుకు బిల్లు ఇమ్మని, మిగిలిన డబ్బు, విప్పిన పాత భాగాలతో సహా బండిని 15 రోజులలో అప్పగించమని స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ఆ పాత ఇంజిన్ మీ ఆస్తి, దాన్ని స్క్రాపుకు అమ్ముకునే అధికారం అతనికి లేదని అందులో విడిగా రాయించండి.

నోటీసుకు స్పందన లేకుంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. జీపును సంపాదనకు వాడుతున్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని ఎదుటివారు వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే వాడుకునేవారిని వాణిజ్యం కిందికి తీసుకురాకూడదని ఆ చట్టమే 2(7) వివరణలో చెప్పింది. మీ నివాసం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, కారణం పుట్టిన రెండేళ్ళలో వేయాలి. బండిని వెంటనే అప్పగించాలని 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కూడా అదే ఫిర్యాదుతో అడగండి. అడ్వాన్సు ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ స్టేట్‌మెంట్, చేతికి ఇచ్చి ఉంటే అప్పుడు అక్కడ ఉన్నవారి ప్రమాణపత్రం, మెకానిక్‌తో జరిగిన వాట్సాప్ సందేశాలు ఫిర్యాదుకు జతచేయాలి. ఫోన్ మార్చేటప్పుడు ఆ సందేశాలు పోకుండా చూసుకోండి.