ఇంట్లో చిట్టెలుకల్ని చంపకుండా పట్టేదెట్లా?
వరి కోతలయ్యాక నల్లగొండ పల్లెల్లో వడ్ల బస్తాల చుట్టూ చిట్టెలుకలు చేరుతాయి. వైరు బోను చాలు. గోడకు ఆనించి, నోరు గోడ వెంట ఉండేట్టు పెట్టండి. అవి గది మధ్యలో తిరగవు. కుడుక ముక్కను కాస్త కాల్చి కొక్కేనికి గట్టిగా గుచ్చండి. వదులుగా ఉంటే తలుపు పడకముందే లాక్కుపోతాయి. మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండా తెరిచి కట్టేసి ఎర అలవాటు చేయండి.

పొద్దున, రాత్రి తప్పక చూడండి: రేకుల ఇంటి వేడికి బోనులోది గంటల్లోనే చస్తుంది. జిగురు అట్టలు అసలే వద్దు, అది చిత్రహింస. చేతికి తొడుగు వేసుకుని, పొదలున్న చోట వదలండి. పెంటికల్ని పొడిగా ఊడవకుండా బ్లీచింగ్ నీళ్లతో తడిపి తుడవండి.

దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. పైపుల చుట్టూ స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయకపోతే మళ్లీ వస్తాయి.