టీసీ కోసం మీ చేత్తో లెటర్ రాసివ్వకండి

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నారు, ఏడేళ్ల బాబుకి ఆటిజం. బెల్లు మోగగానే చెవులు మూసుకుని బల్ల కిందకి దూరిపోతున్నాడని, స్కూలు వాళ్లు నెలలో మూడుసార్లు ఫోన్ చేసి తీసుకెళ్లమన్నారని, ఇప్పుడేమో మీ ఖర్చుతో షాడో టీచర్ని, అంటే క్లాసులో బాబు పక్కనే ఉండి చూసుకునే మనిషిని పెట్టుకోండి లేదంటే టీసీ తీసుకోండి అంటున్నారని రాశారు. అత్తగారు మీ పెంపకాన్ని తప్పు పడుతున్నారట. పెంపకం వల్ల ఆటిజం రాదమ్మా, ఆ మాట మనసులోంచి తీసేయండి.

టీసీ లెటర్ మాత్రం ఇవ్వకండి. ఇస్తే మీరే ఇష్టపడి మాన్పించారని రికార్డులో ఉండిపోతుంది. ఫోన్లో చెప్పిందంతా ఈమెయిల్లో రాసిమ్మని అడగండి, చాలాసార్లు వాళ్ల గొంతు అక్కడే మారుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూళ్లలో కూడా ఇలాంటి పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకుని, వాళ్ల అవసరాన్ని బట్టి ఏర్పాట్లు చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది. వినకపోతే బెంగళూరులోనే వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కి ఫిర్యాదు ఇవ్వొచ్చు. యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు లేకపోతే ఇప్పుడే అప్లై చేయండి, రేపు బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగాలన్నా సర్టిఫికెట్ కావాలి.

ఏర్పాట్లంటే పెద్ద ఖర్చేమీ కాదు. నా దగ్గరకొచ్చే ఒక పాపకి బెల్లుకి రెండు నిమిషాల ముందు టీచరు బల్ల మీద ఎర్ర కార్డు పెట్టేది. అది చూడగానే పాప తనే హెడ్‌ఫోన్స్ తగిలించుకుని గోడవైపు తిరిగి కూర్చునేది, అంతే, ఏడుపు లేదు. మీ స్కూల్లోనూ ఇదే అడగండి, బెల్లుకి దూరంగా సీటు కూడా.

నాకు బాగా కోపం తెప్పించింది, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని స్కూలు వాళ్లు అన్నారని రాశారే, అది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయి. అత్తగారు పప్పన్నం కలుపుతుంటే పక్కన చేరి "ఇంకో ముద్ద" అంటాడని మీరే రాశారు. ఆవిడకి వచ్చింది తెలుగొక్కటే, అది మానేస్తే వాడు నాయనమ్మతో ఏం మాట్లాడతాడు? ఆవిడ ఒక మాట తూలినా వాడికి ముద్ద పెడుతున్నది ఆవిడే, థెరపీకి ఒకసారి వెంట తీసుకెళ్లండి, అక్కడి థెరపిస్టు చెప్పేది ఆవిడే వింటారు.

సోమవారం స్కూల్లో మీటింగ్‌కి ఒంటరిగా వెళ్లకండి. మీ ఆయన "చూద్దాంలే" అంటున్నారట, ఆ ఒక్కపూట సెలవు పెట్టమని గట్టిగా చెప్పండి. ఎదురుగా నలుగురు కూర్చుంటే మీకు ఏడుపొస్తుందని రాశారు కదా, అప్పుడు ఆయన మాట్లాడతారు. ఏం మాట్లాడుకున్నారో ఆ రాత్రే స్కూలుకి మెయిల్ పెట్టేయండి.