తెల్లగోడ కొత్తదే, సమాధి మాత్రం పాతదే

ప్రశ్న: మావారి ఉద్యోగం మీద డబ్లిన్ వచ్చి ఏడాదైంది. మొన్న సెలవుల్లో న్యూగ్రేంజ్ సమాధి చూసొచ్చాం. ఐదువేల ఏళ్ల నాటిదన్నారు గానీ ముందున్న తెల్లరాళ్ల గోడ చూస్తే నిన్నమొన్న మేస్త్రీ కట్టినట్టే ఉంది. లోపల లైట్లు ఆపేసి ఒక బల్బు వేసి 'సూర్యుడి వెలుగు ఇలా పడుతుంది' అన్నారు. ఇదంతా టూరిస్టుల కోసం వేసిన సెట్టింగా? మా అమ్మమ్మగారి ఊరు జానంపేట వైపు, అక్కడి రాకాసి గుళ్లు కూడా ఇలాంటివేనా?
- ఒక పాఠకురాలు, డబ్లిన్

జవాబు: మీ డౌటు సగం కరెక్టే. గోడకి ఆ రూపం వచ్చింది 1970ల్లోనే, వెనకాల కాంక్రీటు కూడా ఉంది. రాళ్లు మాత్రం పాతవే. 1962 నుంచి 1975 దాకా అక్కడ తవ్వకాలు చేసిన ప్రొఫెసర్ మైకేల్ ఓకెల్లీకి ఆ తెల్లటి పలుగురాళ్లు సమాధి మీది గుట్ట ముందు నేలమీద పడి దొరికాయి, ఆయనేమో ఓ గోడ కట్టించి, కావాలనే పడగొట్టించి, రాళ్లు ఎలా పడతాయో చూసి మరీ ఇది నిలువు గోడే అని తేల్చాడు. కాదు, నేలమీద పరిచినవే అని వాదించినవాళ్లూ ఉన్నారు. పక్కనే ఇలాంటిదే నౌత్ అనే సమాధి గుట్ట దగ్గర అలా పరిచే ఉంచారు, ఈసారి వెళ్తే పోల్చి చూడండి. నాకైతే న్యూగ్రేంజ్ గోడ కాస్త ఓవరే అనిపిస్తుంది.

లోపలిది మాత్రం సెట్టింగ్ కాదండీ. గదిలో తలెత్తి చూశారా? రాయి మీద రాయి కొంచెం కొంచెం లోపలికి జరుపుకుంటూ దాదాపు 6 మీటర్ల ఎత్తు పేర్చారు, సున్నం లేదు ఏమీ లేదు. లోపలికొచ్చే దారి పైకప్పు రాళ్ల సందుల్లో కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక కూరారు, వాన నీళ్లు పక్కకి జారిపోడానికి రాళ్ల పైన చిన్న కాలవల్లా గాడులు చెక్కారు. ఆ కాల్చిన మట్టిని పరీక్ష చేస్తేనే క్రీ.పూ. 3200 ప్రాంతం అని తేలింది, అంటే ఈజిప్టు పిరమిడ్ల కంటే ముందన్నమాట.

ఇక సూర్యుడి సంగతి. గుమ్మం పైన చిన్న కిటికీ లాంటి సందు ఉంటుంది కదా, అసలు కిటుకంతా అక్కడే ఉంది. 19 మీటర్ల దారి లోపలికి పోయేకొద్దీ మెల్లగా ఎత్తు పెరుగుతుంది, గది నేల ఆ సందు ఎత్తుకి వస్తుంది, అందుకే గుమ్మంలోంచి వచ్చే వెలుగు మధ్యలోనే ఆగిపోతుంది, సందులోంచి వచ్చేదే గది దాకా చేరుతుంది. 1967 డిసెంబర్ 21 పొద్దున ఓకెల్లీ ఒక్కడే లోపల కూర్చుని చూశాడు. ఏటా ఆ రోజుల్లోనే, పొద్దు పొడిచిన నాలుగు నిమిషాలకి వెలుగు సన్నటి గీతలా వచ్చి 17 నిమిషాలుండి పోతుంది. (మనం సంక్రాంతి జనవరిలో చేసుకుంటాం గానీ సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది ఆ డిసెంబర్ రోజుల్లోనే.)

మన రాకాసి గుళ్లు కూడా పెద్ద రాళ్ల సమాధులే, కానీ ఇనుప యుగం నాటివి, న్యూగ్రేంజ్‌కి సుమారు రెండువేల ఏళ్ల తర్వాతివి. రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు.

న్యూగ్రేంజ్ 1993 నుంచి యునెస్కో లిస్టులో ఉంది. అసలు వెలుగు చూడాలంటే లాటరీకి అప్లై చేసుకోవాలి, వేలమంది పెడతారు, మీరూ ఓ పేరు పడేయండి. తగిలినా ఆ పొద్దున మబ్బు పట్టిందంటే చీకట్లో నించుని రావడమే, ఐర్లాండ్ వాతావరణం మీకు నేను చెప్పక్కర్లేదు కదా.