బెర్త్ మొరిజో చిత్రాలు సగంలో వదిలేసినట్లు ఎందుకుంటాయి?

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారిణి బెర్త్ మొరిజో ఎక్కువగా తల్లులనూ పిల్లలనే ఎందుకు చిత్రించింది, ఆ బొమ్మలు పూర్తికానట్లు ఎందుకుంటాయి అని అడిగారు. తీరిక వేళల్లో తైలవర్ణాలతో బొమ్మలు వేసుకునే నాకు ఆమె గొప్పతనం నా చేతగానితనం వల్లే తెలిసింది. మా అక్క కొడుకు దోమతెరలో నిద్రపోతుంటే ఆ దృశ్యం వేయబోయి, తెర తెల్లగానే ఉంది కదా అని తెల్లరంగు దట్టించాను; అది సున్నం కొట్టిన గోడలా తయారైంది.

కొన్నేళ్ల తరువాత పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో, 1872లో ఆమె వేసిన ‘ఉయ్యాల’ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆమె అక్క ఎడ్మా చెంపకు చేయి ఆనించుకొని, నిద్రపోతున్న కూతురిని చూస్తూ, రెండో చేత్తో తెరను మనకూ పాపకూ మధ్యకు లాగుతూ ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ తెరలో అచ్చమైన తెలుపు కంటే నీలి, బూడిద, లేత గులాబీ ఛాయలే ఎక్కువ. ఎడ్మా కూడా చిత్రకారిణే. అక్కాచెల్లెళ్లిద్దరూ ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు కోరో దగ్గర నేర్చుకొని 1864లో పారిస్‌లోని అధికారిక కళాప్రదర్శన సలోన్‌లో తమ చిత్రాలు ప్రదర్శించారు, కానీ 1869లో పెళ్లయ్యాక ఎడ్మా కుంచె పక్కన పెట్టేసింది. ఆమె చూపులో ఆ సంగతి కూడా ఉందని నాకనిపిస్తుంది, అది నా ఊహే కావచ్చు.

ఇక తల్లులూ పిల్లలే ఎందుకన్న విషయానికొస్తే, ఆ కాలపు సంపన్న కుటుంబాల స్త్రీకి ఒంటరిగా కెఫేలో కూర్చునే వీలు లేదు, ప్రభుత్వ కళాశాల ఎకోల్ దే బోజార్ తలుపులు స్త్రీలకు 1897లో గానీ తెరుచుకోలేదు; అందుకే ఇల్లూ ఇంట్లోవాళ్లే ఆమెకు ఎక్కువగా అందుబాటులో ఉన్నారు. అయినా ఆమె ఫ్రాన్స్‌లోని లోరియాన్ రేవు వంటి బయటి దృశ్యాలనూ చిత్రించింది.

పూర్తికానట్లుండటం మాత్రం చేతకాక జరిగింది కాదు. 1870లో సలోన్‌కు పంపబోతున్న చిత్రంపై మొరిజో సలహా అడిగితే, చిత్రకారుడు ఎదువార్ మనే తానే కుంచె అందుకొని, పావడా అంచుతో మొదలుపెట్టి తల దాకా దిద్దుకుంటూ పోయాడు. ఆమె మనసు ఎంత కష్టపడిందంటే, ఆ చిత్రం తిరస్కరణకు గురైతే బాగుండునని కోరుకుంది. (1874లో ఆ మనే తమ్ముడినే పెళ్లాడింది.) క్షణక్షణం మారే వెలుగును పట్టుకోవాలని చూసిన ఇంప్రెషనిస్టు చిత్రకారుల 8 ప్రదర్శనల్లో, కూతురు జూలీ పుట్టిన మరుసటి ఏడాది, 1879లో తప్ప తక్కిన అన్నింటిలోనూ పాల్గొంది. తరువాతి చిత్రాల్లో కొన్నిచోట్ల మూలలను ఉత్త కాన్వాసుగానే వదిలేసింది; కదిలే వెలుగుకు అంతకుమించి దిద్దుబాటు అక్కర్లేదన్నది ఆమె నిర్ణయమని నేననుకుంటాను.

పారిస్ వెళ్తే మార్మొత్తాన్ మొనే మ్యూజియంలో ఆమె చిత్రాలు చాలా చూడవచ్చు. నేను వెళ్లిన రోజు జనమంతా మరో ఇంప్రెషనిస్టు క్లోద్ మొనే చిత్రాల గదిలోనే ఉన్నారు, మొరిజో చిత్రాలను మాత్రం కాన్వాసు నేత కనబడేంత దగ్గరగా, తీరికగా చూడగలిగాను.