బుష్‌లో ఆర్కిడ్ కనిపించాలంటే ముందు నడక ఆపాలి

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ చుట్టుపక్కల బుష్‌లో (అడవిని, పొదల నేలను ఇక్కడ అలా అంటారు) అడవి ఆర్కిడ్లు ఉంటాయని విని మూడు ఆదివారాలు తిరిగాననీ, ఒక్కటీ కనిపించలేదనీ రాశారు. ఎప్పుడు, ఎక్కడ వెతకాలి, ఫోన్‌తో ఫొటోలు వస్తాయా అని అడిగారు. నిరాశపడకండి. నాకు మొదటి పువ్వు కనిపించడానికి ఒక సీజన్ మొత్తం పట్టింది. ఆ తర్వాత ఏడేళ్లుగా ఆగస్టు వచ్చిందంటే శని, ఆదివారాలు నేను బుష్‌లోనే ఉంటున్నాను.

ఆర్కిడ్ అనగానే మనకు బొకేలో ఊదా రంగు పువ్వో, చెట్టు కొమ్మను పట్టుకుని వేళ్ళు వేలాడేసే మొక్కో గుర్తొస్తుంది. మెల్‌బోర్న్ ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రంలోని ఆర్కిడ్లలో దాదాపు అన్నీ నేల మీద మొలిచేవే. చాలావాటి పువ్వు చిటికెన వేలి గోరు కంటే పెద్దగా ఉండదు. ఎండాకాలమంతా మట్టిలో చిన్న దుంపగా నిద్రపోయి, ఇక్కడి ఆటమ్ (మార్చి నుంచి మే) వానలు పడ్డాక ఆకు వేసి, చలి తగ్గే వేళకు పూస్తాయి. నిలబడి నడిచే మనిషి కంటికి అవి గడ్డిలో గడ్డే.

నాకు మొదటిది ఎలా దొరికిందో చెప్తాను. వారండైట్ స్టేట్ పార్క్‌లో అంతకుముందు ఆరుసార్లు నడిచిన దారే అది. మా పాప బూటు లేసు ఊడిపోతే కట్టడానికి మోకాలి మీద కూర్చున్నాను. నా చెయ్యి పక్కనే, తల వంచుకుని నిలబడ్డ లేత ఆకుపచ్చ పువ్వు. నాడింగ్ గ్రీన్‌హుడ్ అనే ఆర్కిడ్ అది. కదలకుండా అలాగే కూర్చుని చుట్టూ చూస్తే ఇంకొకటి, దాని వెనక నాలుగు. పది నిమిషాల్లో పాప నలభై దాకా లెక్కపెట్టింది. ఆ ఆరుసార్లూ వాటి పక్క నుంచే వెళ్ళాను.

అందుకే మీకు నా మొదటి సలహా, కిలోమీటర్లు నడవకండి. దారి అంచున యాభై అడుగుల మేర ఎంచుకుని, ప్రతి నాలుగడుగులకూ కూర్చుని చూడండి. పువ్వు కోసం కాదు, ఆకు కోసం. గ్రీన్‌హుడ్ అయితే నేలకు అంటుకుని గుండ్రటి ఆకుల చక్రం ఉంటుంది. నూగుతో ఒకే ఒక్క పొడవాటి ఆకు కనిపిస్తే స్పైడర్ ఆర్కిడ్ జాతి కావచ్చు. గుండె ఆకారంలో, అడుగున ఊదాగా ఉంటే మస్కిటో ఆర్కిడ్. నాణెంలా గుండ్రంగా నేలకు పరుచుకున్నది హెల్మెట్ ఆర్కిడ్ ఆకు. జూన్‌లో ఆకులు గుర్తుపెట్టుకుంటే సెప్టెంబర్‌లో పని సగం అయిపోయినట్టే.

నెలల విషయానికొస్తే, ఇక్కడి చలికాలంలో (జూన్ నుంచి ఆగస్టు) మస్కిటో, హెల్మెట్ ఆర్కిడ్లు వస్తాయి. జులై నుంచి గ్రీన్‌హుడ్లు, ఆగస్టు చివర పసుపు డాంకీ ఆర్కిడ్లు, ఊదా వాక్స్‌లిప్‌లు. సెప్టెంబర్, అక్టోబర్ పండగే, స్పైడర్ ఆర్కిడ్లు అప్పుడే. డిసెంబర్ దాటాక అందరూ మానేస్తారు గానీ, ఆకులే లేకుండా గులాబీ పువ్వులతో లేచే హయసింత్ ఆర్కిడ్ మంచి ఎండాకాలంలోనే పూస్తుంది.

చోట్ల గురించి పెద్ద పేర్లే చెప్తాను. బ్రిస్బేన్ రేంజెస్, కింగ్‌లేక్ నేషనల్ పార్కులు, లాంగ్‌వారిన్ రిజర్వ్, గ్రేట్ ఓషన్ రోడ్ మీద ఆంగ్లసీ దగ్గరి హీత్ (పొట్టి పొదల నేల). ఒక్కరోజే వీలైతే ఆంగ్లసీ. అన్నేసి రకాలు ఒకేచోట నేను ఇంకెక్కడా చూడలేదు. ఏ మలుపు దగ్గర, ఏ చెట్టు కింద అన్నది మాత్రం రాయను. కారణం కింద ఉంది.

ఫోన్ సరిపోతుంది. నా మొదటి మూడేళ్ల ఫొటోలు ఫోన్‌తో తీసినవే. పెద్ద ఇబ్బంది ఫోకస్. సన్నటి పువ్వును వదిలేసి ఫోన్ వెనకున్న గడ్డిని పట్టుకుంటుంది. పువ్వు వెనక అరచెయ్యి పెట్టి, పువ్వు మీద నొక్కి ఫోకస్ లాక్ చేసి, చెయ్యి తీసి ఫొటో తీయండి. మరీ దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లు వైడ్ లెన్స్‌కి మారిపోయి వెనకున్న చెత్తంతా ఫ్రేమ్‌లోకి తెస్తాయి. కాస్త వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడటం మేలు. ఫోన్ పువ్వు ఎత్తుకు దిగాలి, పైనుంచి వంగి తీసినవి ఎప్పుడూ బాగా రాలేదు. గ్రీన్‌హుడ్‌కి వెలుగు వెనక నుంచి పడనివ్వండి. లోపలి ఆకుపచ్చ చారలు దీపం పెట్టినట్టు వెలుగుతాయి. కెమెరా కొనే ఆలోచన ఉంటే సుమారు వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గరగా తీసేది) చాలు.

మబ్బు పట్టిన రోజు నీడలు మెత్తగా ఉండి ఫొటోలు బాగా వస్తాయి. కానీ నీలి సన్ ఆర్కిడ్ మబ్బు రోజున విచ్చుకోదు. దాని కోసం వెచ్చటి, ఎండ ఉన్న మధ్యాహ్నం వెళ్ళాలి. నేను ఒకే మొక్క దగ్గరికి నాలుగు వారాంతాలు వెళ్ళి మొగ్గనే చూసి వచ్చాను. ఐదోసారి విచ్చుకుంది. ఆ ఫొటో మా హాల్లో ఉంది.

పేరు తెలియాలంటే ఒక్క ఫొటో చాలదు. ముందు నుంచి, పక్క నుంచి, ఆకు, చుట్టూ ఉన్న నేలతో సహా మొత్తం మొక్క, ఇలా నాలుగు తీయండి. ముందుకొచ్చే పెదవి లాంటి రేకు స్పష్టంగా పడాలి, జాతులు చాలావరకు దానితోనే తేలతాయి. ఆ రేకు చేసే పని తెలిస్తే మీరు కెమెరా పక్కన పెట్టి చూస్తూ ఉండిపోతారు. గ్రీన్‌హుడ్‌లో చిన్న ఈగ దాని మీద వాలితే అది చటుక్కున పైకి లేచి ఈగను లోపల మూసేస్తుంది. ఇరుకు దారిలో పాకి బయటపడేటప్పుడు ఈగకు పుప్పొడి అంటుకుంటుంది. టంగ్ ఆర్కిడ్ మరోరకం. మగ కందిరీగ దాన్ని ఆడ కందిరీగ అనుకుని వచ్చి వాలుతుంది. ఆస్ట్రేలియాలో ఈ సంగతి కనిపెట్టి 1927లో రాసిన ఈడిత్ కోల్‌మన్ మెల్‌బోర్న్ ఆవిడే. ఇంటి దగ్గరి బుష్‌లో ఓపికగా కూర్చుని చూసిన మనిషి.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. రెండో ఏడాది ఒక స్పైడర్ ఆర్కిడ్ ఫొటో కోసం పడుకుని అరగంట తీశాను. లేచి చూస్తే నా మోచేతి కింద ఇంకో రెండు మొక్కలు నలిగి ఉన్నాయి, ఒకదానికి మొగ్గ కూడా ఉంది. ఏడాదికి ఒకే ఆకు వేసే మొక్క అది. ఆకు పోతే దుంపలో మళ్ళీ శక్తి నిండదు. ఆ రోజు తీసినవన్నీ డిలీట్ చేశాను. అప్పటినుంచి కూర్చోబోయే జాగాను ముందు కళ్ళతో, తర్వాత వేళ్ళతో వెతికి గానీ మోకాలు ఆనించను. సెప్టెంబర్ నుంచి పాములు కూడా బయటికొస్తాయి కాబట్టి ముందు కర్రతో గడ్డి కదిపి చూడండి. ఫొటోకి అడ్డమని చుట్టూ ఉన్న గడ్డి పీకకండి, వంచి పట్టుకుని వదిలేయండి.

తవ్వి ఇంటికి తెచ్చుకుందామని ఎవరైనా అంటే ఆపండి. విక్టోరియాలో మొక్కలు, జంతువుల రక్షణ కోసం 1988లో వచ్చిన చట్టం కింద ఆర్కిడ్లన్నీ రక్షిత మొక్కలు. ప్రభుత్వ భూమిలో అనుమతి లేకుండా కోయడం, తవ్వడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా అది కుండీలో బతకడం కష్టం. దాని గింజ ధూళి అంత సన్నం, అందులో తిండి నిల్వ ఉండదు. మట్టిలోని ఒక ఫంగస్ తోడుంటేనే మొలుస్తుంది, పెరిగాక కూడా ఆ తోడు మీదే ఆధారపడుతుంది. ఆ చోటు నుంచి వేరు చేస్తే పోయినట్టే. అయినా తవ్వేవాళ్ళున్నారు. అందుకే అరుదైన వాటి ఫొటో పెట్టేముందు ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి. మొక్కలు, జంతువుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే ప్రమాదంలో ఉన్న జాతుల చోటును అదే మసక చేస్తుంది. మొక్క మీద ఇనుప వల బోర్లించి ఉంటే ఎత్తకండి, కుందేళ్ళు, వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి) తినకుండా ఎవరో కష్టపడి పెట్టి ఉంటారు.

బూట్లు కడగడం మరిచిపోవద్దు. ఫైటాఫ్తొరా అనే వేరుకుళ్ళు తెగులు తడిమట్టితో పాటు బూట్లకంటుకుని ఒక అడవి నుంచి ఇంకో అడవికి వెళ్తుంది. బ్రిస్బేన్ రేంజెస్‌లో, ఆంగ్లసీ హీత్‌లో ఇప్పటికే చాలా నష్టం చేసింది. దారి మొదట్లో బ్రష్ స్టేషన్ ఉంటే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వాడండి.

మీరు ఏ నెలలో, ఎటువైపు వెళ్తున్నారో కింద రాయండి. ఆకు ఫొటో ఒక్కటి పెట్టినా చాలు, దాని పువ్వు కోసం ఏ వారం మళ్ళీ వెళ్ళాలో నాకు తెలిసినంతలో చెప్తాను.