లైసెన్సింగ్ కంపెనీ మూతపడుతోంది... ట్రాక్‌లు ఏమవుతాయి?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ ఫైనలియర్. డప్పు, ఒగ్గు డోలు రికార్డు చేసి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ట్రాక్‌లు తయారుచేస్తాడు. వాటిని వీడియోలు తీసేవాళ్లకు లైసెన్సుకిచ్చే ఆన్‌లైన్ కంపెనీ నుంచి కొంత డబ్బు వచ్చేది. త్వరలో మూసేస్తున్నామని మెయిల్ వచ్చింది. ఇది వదిలేసి పోటీ పరీక్షలకు చదవమంటున్నాను. సరైనదేనా?
- ఒక తండ్రి, కాజీపేట

జవాబు: పరీక్షల సంగతి తర్వాత మాట్లాడదాం. ఆ సైట్‌లో లాగిన్ పనిచేస్తున్నప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. మూతపడుతున్నది అమ్మిపెట్టే దుకాణమే. కాపీరైట్ రాసిచ్చి ఉండకపోతే ట్రాక్‌లు మీవాడివే. కానీ దాన్ని రుజువు చేసే కాగితాలన్నీ ఆ లాగిన్ వెనకాలే ఉన్నాయి.

ఈ రోజే ఒప్పందం పీడీఎఫ్, నెలవారీ అమ్మకాల రిపోర్టులు, ఏ ట్రాక్‌ను ఎవరు ఏ తేదీన ఏ రకం లైసెన్సుకు కొన్నారో ఆ జాబితా డౌన్‌లోడ్ చేసుకోమనండి. అమ్ముడైన లైసెన్సులు కంపెనీ మూతపడినా సాధారణంగా చెల్లుతూనే ఉంటాయి. కాబట్టి ఆ ట్రాక్‌లను కొత్తవాళ్లకు 'మీకొక్కరికే' అని ఇవ్వకూడదు.

ఆ తర్వాత కంపెనీకి మెయిల్ పెట్టాలి. ప్రతి ట్రాక్ పేరు, ఐఎస్ఆర్‌సీ (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే గుర్తింపు కోడ్) ఉంటే అదీ రాసి, 'ఫలానా తేదీ నుంచి వీటిపై మాకు హక్కులు లేవు' అని రాతపూర్వక విడుదల లేఖ అడగాలి. ఎక్స్‌క్లూజివ్ ఒప్పందమైతే, అంటే ట్రాక్‌లు వాళ్లొక్కరికే ఇస్తామని రాసి ఉంటే, ఈ లేఖ లేనిదే మరో మ్యూజిక్ లైబ్రరీకి (ఇలా ట్రాక్‌లు లైసెన్సుకిచ్చే కంపెనీకి) ఇవ్వొద్దు. తమ దగ్గరున్న ట్రాక్‌లన్నిటినీ (కేటలాగ్) ఇంకో కంపెనీకి అమ్ముకునే వీలు ఒప్పందంలో ఉందేమో కూడా చదవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది యూట్యూబ్ కంటెంట్ ఐడీ దగ్గర. నమోదైన సంగీతం ఏ వీడియోలో వాడారో తనంతట తానే పట్టుకునే వ్యవస్థ అది. పాత కంపెనీ ట్రాక్‌లను అందులో నమోదు చేసి ఉంటే, వాళ్లు వదిలేదాకా ఆగాలి. తొందరపడి కొత్త సంస్థతో మళ్లీ నమోదు చేయిస్తే యాజమాన్య వివాదం కింద పడుతుంది. అప్పుడు డబ్బు చెల్లించి కొన్న వీడియోగ్రాఫర్‌కే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి, అతను మీవాడికే ఫోన్ చేస్తాడు. దాన్ని తీయించడానికి పైన చెప్పిన అమ్మకాల జాబితానే ఆధారం. కొనుక్కున్న లూప్‌ల (ఎవరికైనా అమ్మే రెడీమేడ్ సంగీతపు ముక్కల) మీద కట్టిన ట్రాక్‌లు అసలు కంటెంట్ ఐడీకి పనికిరావు. సొంతంగా రికార్డు చేసిన డప్పుకు ఆ ఇబ్బంది లేదు, అది మీవాడి బలం. అయితే డోలు వాయించిన కళాకారుల నుంచి సంతకంతో అనుమతి పత్రం ఉందా? లేకపోతే ఇప్పుడే తీసుకోమనండి, కొత్త లైబ్రరీలు అడిగే అవకాశం ఉంది.

బాకీ డబ్బు కంపెనీ చెల్లింపుకు పెట్టిన కనీస మొత్తానికి తక్కువున్నా, ఖాతా మూసేటప్పుడు మొత్తం ఇమ్మని అడగాలి. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే ప్రకటనలో చెప్పిన గడువులోగా క్లెయిమ్ వేయాలి. కోసిన టీడీఎస్ పన్ను పోర్టల్‌లో పడిందో లేదో కూడా చూసుకోవాలి.

కొత్తచోటికి ఎంపీ3లతో వెళ్లొద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లు ఉండాలి. ప్రతి ట్రాక్‌కూ పూర్తి నిడివి, 60 సెకన్లు, 30 సెకన్ల వెర్షన్లు, డప్పు, డోలు, బేస్ దేనికది విడివిడి ఫైళ్లు (స్టెమ్‌లు) సిద్ధం చేయాలి. స్పాటిఫై వంటి వాటిలోనూ ఉంటే వాటిలోకి పాటలు చేర్చే కొత్త డిస్ట్రిబ్యూటర్‌కు పాత ఐఎస్ఆర్‌సీలే ఇవ్వాలి. కొత్తది లైవ్ అయ్యాకే పాతది తీయించాలి. లేదంటే ప్లేల లెక్క సున్నా నుంచి మొదలయ్యే ప్రమాదం ఉంది. సంగీతకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీ ఐపీఆర్ఎస్‌లో చేరితే ప్రసారాల రాయల్టీ వస్తుంది గానీ, కొన్ని లైబ్రరీలు సొసైటీ సభ్యుల ట్రాక్‌లు తీసుకోవు. ముందు లైబ్రరీ నిబంధనలు చూసి చేరాలి.

వరంగల్, కరీంనగర్‌లలో జానపద పాటల ఛానళ్లు, పెళ్లి వీడియోల వాళ్లు నేరుగా పని ఇస్తారు. 'సర్వహక్కులు మీవే' అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం చెబుతోంది.

ఇక మీ ప్రశ్నకు. వదిలేయమనకండి. ఒకే కంపెనీ మీద ఆధారపడటం పొరపాటు, ఆ పని కాదు. డిగ్రీ మాత్రం పూర్తిచేయాల్సిందే. పోటీ పరీక్షలు అతనికి ఇష్టమైతే రాయనివ్వండి, ట్రాక్‌లు పక్కన నడుస్తూనే ఉంటాయి. ఈ వారం మాత్రం డౌన్‌లోడ్‌లకు, ఆ విడుదల లేఖకు వదిలేయండి.