రత్నగంధి గింజలు మొలవట్లేదు: సమాధానం

ఎరుపు, పసుపు పూలు పూసే రత్నగంధి మొక్క గింజల పై తొక్క మరీ గట్టిది, నీరు లోపలికి దిగట్లేదు. అనంతపురం ఎర్రనేలలో ఇరవై గింజలు నాటి, రోజూ నీళ్లు పోసినా నెలైనా ఒక్కటీ మొలవలేదని మీరు అడిగారు. మట్టిని అనుమానించకండి. మన తంగేడుదీ ఇదే కుటుంబం, దాని గింజలూ ఇలాగే మొండివి.

1. కొత్త గింజలు తీసుకోండి. చెట్టు మీదే ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయల్లోవి మంచివి.

2. చాలామంది వదిలేసేది ఈ పనే. ముక్కులా సన్నగా ఉన్న కొసన మొలక ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. రెండో అంచుని శాండ్‌పేపర్ మీద రుద్దండి. లోపలి లేత రంగు కొంచెం కనబడగానే ఆపేయాలి.

3. రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దునకు ఉబ్బినవి నాటొచ్చు. ఉబ్బనివాటిని పారేయొద్దు, ఇంకాస్త రుద్ది మళ్లీ నానేయండి. నాకైతే ఈ ఉబ్బడమే అసలు పరీక్ష.

4. ఎర్రమట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, మొక్కలు పెంచే ప్లాస్టిక్ సంచుల్లో గింజల్ని సెంటీమీటరు లోతున పెట్టండి. తడి ఉండాలి, నీరు నిలవకూడదు.

వారం, రెండు వారాల్లో మొలకలు వస్తాయి. జానెడు పెరిగాక బాగా ఎండ పడే చోట నాటండి. నీడలో పూలు తక్కువ. వేరు కదిలితే తట్టుకోలేదు, మట్టిగడ్డ విడిపోకుండా సంచి కోయండి.

గింజలు విషం. ఇంట్లో చిన్నపిల్లలుంటే నానబెట్టిన గిన్నెను వాళ్లకు అందనంత ఎత్తులో పెట్టండి.